సర్టిఫికెట్ ఇవ్వబడును

బెర్లిన్‌లో మా కంపెనీ అంటే ఐదుగురం, ఒక గది, ఒక కాఫీ మిషను. ఇద్దరు ఇంటర్న్‌లు కావాలి, ఒకర్ని మీ ఊరి నుంచే చూడు, ప్రకటన రాయి అంది మా బాసు. అలవాటైన ధోరణిలో రాసేశాను: నేర్చుకునే ఆసక్తి ఉంటే చాలు, ఆరు నెలలు, జీతం లేదు, చివర్న సర్టిఫికెట్. ఆవిడ చదివి ఒకటే అడిగింది: "ఆ ఆరు నెలలూ వాళ్ళు ఏం తింటారు?"

చెవులు వేడెక్కాయి. తినడానికి ఇంట్లో అమ్మ పెడుతుంది కదా అనబోయి ఆగాను.

ఆవిడకేం తెలుసు? 2014లో నా ఇంటర్న్‌షిప్‌కి మా నాన్నే ఎనిమిది వేలు కట్టాడు. మా విశాఖ ద్వారకానగర్‌లో మూడో అంతస్తు, మెట్ల మీద చెప్పుల గుట్ట. ఇరవై రోజులు పీపీటీలు చూపించి, ప్రాజెక్టు కూడా వాళ్ళే సీడీలో పెట్టిచ్చారు. ఆ కాగితాన్ని నాన్న లామినేషన్ చేయించి, స్టీల్‌ప్లాంట్ క్వార్టర్స్‌లో చుట్టుపక్కల అందరికీ చూపించాడు. అలాంటిది నేను డబ్బు అడగలేదు, ఉత్తినే ఇస్తానన్నాను. నా లెక్కలో అది ధర్మమే!

ఇక్కడ జర్మనీలో 2015 నుంచి కనీస వేతన చట్టం ఉందట. కాలేజీ తప్పనిసరి చేసిన ఇంటర్న్‌షిప్‌కి వర్తించదు గానీ, విద్యార్థి తనంతట తాను మూడు నెలలు దాటి చేస్తే ఇచ్చి తీరాలి. 2025లో గంటకి 12.82 యూరోలు. ఆవిడ మంచితనం వెనక చట్టం కూడా ఉందని తెలిశాక కాస్త ఊరట కలిగింది, నా బుద్ధి అలాంటిది. కానీ విశాఖలో కూర్చుని చేసేవాళ్ళకి ఆ చట్టం అంటదు. అయినా నెలకి ఇరవై వేలు అని ఆవిడే రాయించింది. నేను ఐదు అన్నాను.

మొదటి ప్రకటన అప్పటికే జూనియర్ల వాట్సాప్ గ్రూపులో పెట్టేశాను. ఒక్క పూటలో నూరు దాటి రెజ్యూమేలు, సగానికి పైగా అదే ప్రాజెక్టు: ముఖం చూసి అటెండెన్స్ వేయడం. రెండోసారి పనేంటో రాశాను. బిల్లు ఫోటో తీస్తే మా యాప్ అంకెలు తప్పుగా చదువుతోంది, మొదటి వారం ఆ తప్పులు పట్టాలి. రోజూ మీ సాయంత్రం ఐదున్నరకి, అంటే ఇక్కడ మధ్యాహ్నం రెండింటికి, ఒక గంట నేను మీతో కూర్చుంటాను. ఈసారి పదకొండు మందే. ఒకమ్మాయి మాత్రం పూర్ణా మార్కెట్ కొట్లలో బిల్లులు అడిగి తీసుకుని, చేతిరాత ఏడు మన యాప్‌కి ఒకటిలా కనబడుతోంది అన్నయ్యా అని పంపింది. ఇంకెవర్నీ చూడలేదు.

ఖాయం చేద్దామని ఫోన్ చేస్తే వాళ్ళ నాన్న అందుకున్నాడు. జీతం సంగతి విని ఊఁ అన్నాడంతే.

"సర్టిఫికెట్ ఇస్తారా బాబూ?"

నవ్వొచ్చింది. బాసునడిగితే, ఎందుకివ్వం అంది. ఇక్కడ ఉద్యోగం మానేసేవాళ్ళు అడిగితే పని గురించి రాసివ్వాలని చట్టమే ఉందట.

"ఇస్తాం బాబాయ్. జర్మన్‌లో ఉంటుంది, పరవాలేదా?"

కాసేపు ఆలోచించాడు.

"సీలు ఉంటది కదా?"