గాలి సెలవిస్తేనే ఇంటికి

దసరా తిరుగు రద్దీలో గుంటూరుకు నేరుగా వెళ్లే రైళ్లలో చోటు దొరకకపోవడంతో, హైదరాబాదు నుంచి విజయవాడ వరకు రైలులో వచ్చి అక్కడ బస్సు పట్టుకోవలసివచ్చింది. స్టేషను నుంచి బస్టాండుకు రెండు కిలోమీటర్లు కూడా లేని దూరానికి ఆటో అతను నూటయాభై రూపాయలు అడిగాడు. బేరమాడే ఓపిక లేక ఇచ్చేసి, ఆ చిరాకుతోనే గుంటూరు బస్సెక్కాను. నేను వచ్చిన పని మా మేనకోడలి నిశ్చితార్థం. అది మరునాడు చక్కగా జరిగింది. నేను రాయదలచుకున్నది మాత్రం, గంటలో ముగియవలసి ఉండి రెండున్నర గంటలు సాగిన ఆ బస్సు ప్రయాణం గురించే.

నా పక్క సీటులో ఇరవై ఏడేళ్ల యువకుడు కూర్చున్నాడు. ఎండకు కమిలి నల్లబడిన ముఖం, పగిలిన పెదవులు, కాయలు కాచిన అరచేతులు చూసి పొలం పనులు చేసే కుర్రవాడనుకున్నాను. అతని కాళ్ల దగ్గర నిలబెట్టిన సంచి నా భుజమెత్తున ఉండి, బస్సు కుదిపినప్పుడల్లా నా మోకాలికి తగులుతోంది. సంచి సంగతి కొంచెం కటువుగానే అడిగాను. అతను క్షమించమని చెప్పి దాన్ని తనవైపు లాక్కుని, అందులో ఒక పలక, మూడు గాలిపటాలు ఉన్నాయన్నాడు. పెద్ద గాలిపటం లాగుతుంటే కాళ్ల కింద పలకతో నీటి మీద జారుతూ సాగే కైట్‌సర్ఫింగ్ అనే ఆటను రామేశ్వరం దగ్గర సముద్రంలో నేర్పడం తన ఉద్యోగమని, ఏడు చదరపు మీటర్ల పటం నుంచి పన్నెండు చదరపు మీటర్ల పటం వరకు గాలి బలాన్ని బట్టి మార్చుకుంటామని చెప్పాడు.

బస్సు కనకదుర్గ వారధి మీదికి చేరేసరికి ముందెక్కడో లారీ ఆగిపోయిందట, వాహనాలన్నీ నిలిచిపోయాయి. కింద కృష్ణ, పడమటివైపు దూరంగా ప్రకాశం బ్యారేజీ. అతను కిటికీలోంచి నీటిని ఒక్క నిమిషం చూసి, "ఇవాళ గాలి లేదు బాబాయిగారూ, నీటి మీద ముడతైనా పడలేదు" అన్నాడు. నీటి మీద తెల్లని నురగ తలలు అక్కడక్కడ కనిపించడం మొదలైతే గాలి తన పనికి సరిపోయే వేగానికి, అంటే గంటకు సుమారు ఇరవై రెండు కిలోమీటర్లకు దగ్గరపడినట్టేనట. మరి ఇక్కడ కృష్ణలోనే ఎగరేయకూడదా అని అడిగాను. పటానికీ మనిషికీ మధ్య ఇరవై మీటర్లకు పైగా తాళ్లుంటాయని, వంతెనలు, కరెంటు తీగలు ఉన్నచోట ఆ మాటే తలపెట్టకూడదని, పైగా కట్టడాలను దాటి వచ్చే గాలి తెరలు తెరలుగా విరిగిపోతుందని చెప్పాడు. సూర్యలంకలో సాయంత్రం గాలి బాగానే ఉన్నా అలలు ఒడ్డునే విరుగుతాయి గనుక కొత్తవారికి కష్టమట. రామేశ్వరం వైపు నడుములోతు నీరు చాలా దూరం నిశ్చలంగా ఉంటుంది కాబట్టి నేర్చుకోవడానికి అది అనువైన చోటని అన్నాడు.

బలమైన గాలి కంటే సమంగా వీచే గాలి ముఖ్యమని అతను అన్నప్పుడు నాకు మా తాతయ్య గుర్తుకొచ్చాడు. తెనాలి పక్కన మా ఊళ్లో సంక్రాంతి ముందు కుప్పలు నూర్చాక, తాతయ్య కళ్లంలో ఎత్తు పీటమీద నిలబడి చేటతో ధాన్యం తూర్పారపట్టేవాడు. గాలి చాలకపోతే తాలు గింజలోనే పడుతుంది, మరీ ఎక్కువైతే గింజ కూడా తాలుతోపాటు కొట్టుకుపోతుంది. గుప్పెడు పొట్టు వదిలి చూసి, గాలి సమంగా వచ్చేవరకు ఆయన పూటల తరబడి కాచుకుని కూర్చునేవాడు. ఇదంతా చెప్పేసరికి ఆ కుర్రవాడి ముఖం వెలిగిపోయింది. తానూ పొద్దున లేవగానే ఒడ్డున గుప్పెడు ఇసుక వదిలి చూస్తానని, ఫోనులో గాలి అంచనాలు ఎన్ని చూసినా చేతిలోంచి జారే ఇసుక చెప్పినదే చివరి మాటని అన్నాడు.

అతనిది గుంటూరే. ఇంజినీరింగు చదువుతుండగా, కాశీ నుంచి తెచ్చిన గంగతో నాయనమ్మ రామేశ్వరం యాత్రకు బయలుదేరితే తోడు వెళ్లి, అక్కడ మొదటిసారి ఈ పటాలను చూశాడట. చదువు ముగిశాక మూడు నెలలు జీతం లేకుండా పటాల అంచుగొట్టాలలో పంపుతో గాలి కొడుతూ, మోస్తూ, దానికి బదులుగా విద్య నేర్చుకున్నాడు. అలా గాలి నింపితే నీళ్లలో పడినా మునగకుండా మళ్లీ లేచే పటానికి ఫ్రాన్సుకు చెందిన లెగెన్యూ సోదరులు 1984లో పేటెంటు తీసుకున్నారని, ఈ ఆట ఇందరికి అందడానికి అదే కారణమని గురువును తలచుకున్నంత గౌరవంతో చెప్పాడు.

మొదటి పాఠం ఏమిటని అడిగాను. పటాన్ని నడిపే కడ్డీని వదిలేయడమేనట. భయపడిన మనిషి చేతిలో ఉన్నదాన్ని గట్టిగా తనవైపు లాక్కుంటాడు. లాక్కున్నకొద్దీ పటం మరింత గాలి పట్టి మనిషిని ఈడ్చుకుపోతుంది. చేతులు వదిలేస్తే పటం బలం తగ్గిపోతుంది. మాటలతో నిమిషంలో చెప్పగలిగే ఈ సంగతి శరీరానికి ఎక్కడానికి రెండు రోజులు పడుతుందని, పెద్ద ఉద్యోగాలలో ఉన్నవారే ఎక్కువ కష్టపడతారని అన్నాడు. నేల మీదినుంచి సముద్రంలోకి వీచే గాలిలో మాత్రం ఎంత నిపుణుడైనా దిగకూడదు, అది మనిషిని తిరిగి ఒడ్డుకు రానివ్వదు.

ఈ బతుకులో డబ్బు ఎలా అని నేను అడగకుండా ఉండలేకపోయాను. పోటీల బహుమతులతో, కంపెనీల పోషణతో బతికేవారు ప్రపంచంలో కొద్దిమందేనని, తనవంటివారికి నేర్పడమే జీవనాధారమని చెప్పాడు. కొత్త పటం ధర లక్ష దాటుతుంది. ఎండ, ఉప్పు, ఇసుక దాన్ని తినేస్తాయి గనుక ప్రతి సాయంత్రం మంచినీటితో కడిగి, చిరుగులకు తానే అతుకులు వేస్తాడు. నిరుడు మోకాలి స్నాయువు తెగి రెండు నెలలు ఆదాయం లేకుండా గడిచిందట. ఆ మాట చెబుతూ అతను మోకాలు తడుముకుంటుంటే, అదే మోకాలికి దగ్గరగా ఉన్న సంచిపై విసుక్కున్నందుకు నాకు సిగ్గేసింది.

బంధువులు మాత్రం చాలాకాలం "గాలిపటాలెగరేసే ఉద్యోగం" అనేవారట. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఈ క్రీడకు మొదటిసారి చోటు దక్కింది. మార్సెయ్ తీరంలో గాలి తగ్గి పోటీలు వాయిదాపడుతుంటే అతను రాత్రులు ఫోను ముందు కూర్చున్నాడు. సింగపూరుకు చెందిన మాక్స్ మేడర్ పదిహేడేళ్ల వయసులో, ఆగస్టు 9న, తన దేశపు జాతీయ దినోత్సవం నాడే కంచు పతకం గెలిచాడు. ఆ వార్త తన బంధువులకు చూపించాక ఆ మాట అనడం మానేశారని చెప్పాడు.

అప్పటికి లారీని పక్కకు తీశారు. మంగళగిరి దాటుతుండగా, రాత్రివేళ గాలి చప్పుడు మొదలైతే సంతోషంతో తనకు నిద్రపట్టదని అతను అన్నాడు. మా అమ్మది రేపల్లె వైపు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన పదివేల మందికి పైగా ప్రాణాలు తీసిన తరువాత, గాలి కాస్త హోరెత్తినా ఆమె తలుపులన్నీ గడియలు వేసి మంచం మీద కూర్చునేది. ఈ సంగతి చెబితే అతను చాలాసేపు మాట్లాడలేదు. తాను రోజూ ధనుష్కోడి శిథిలాలను చూస్తూ పనిచేస్తానని, 1964 డిసెంబరులో ఆ ఊరిని తుపాను తుడిచిపెట్టిందని, సముద్రంలో వాయుగుండం అన్న మాట వినిపిస్తే పటం సంచిలోంచి తీయనని మెల్లగా చెప్పాడు.

వేసవి నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి, సంక్రాంతి రోజుల్లో ఈశాన్యపు గాలి అతనికి పని కల్పిస్తాయి. ఆ రెండింటి నడుమ గాలి తడబడే ఈ కొన్ని వారాలే అతనికి ఇంటికి వచ్చే వీలు. సంక్రాంతికి గుంటూరులో ఉండి ఆరేళ్లయిందట.

గుంటూరు బస్టాండులో వాళ్లమ్మగారు వచ్చి నిలబడి ఉన్నారు. సంచి రెండో కొస తాను పట్టుకుని, కొడుకు ముఖంలోకి చూసి, "గాలి మళ్లీ ఎప్పుడు మొదలవుతుందిరా?" అని అడిగారు.

"ఇంకా మూడు వారాలు ఉందమ్మా."

ఆమె వేళ్ల మీద లెక్కపెట్టుకున్నారు. "అయితే దీపావళికి ఉంటావు" అన్నారు.