ఫ్రెంచ్ ప్రెస్‌తో నాలుగు నెలలు: అమలాపురం వంటింటి లెక్కలు

ఏప్రిల్ 12

మా ఇంట్లో కాఫీ అంటే అత్తయ్యగారి ఇత్తడి ఫిల్టరే. రాత్రి పొడి వేసి మరిగే నీళ్ళు పోసి మూత పెడితే, తెల్లారేసరికి డికాషన్ కింది గిన్నెలోకి దిగి ఉంటుంది. ఆ కాఫీకి వంక పెట్టలేం. కానీ మధ్యాహ్నం మూడింటికి ఆఫీసు పని మధ్యలో లేచినప్పుడు, డికాషన్ దిగేదాకా ఆగే సమయం నాకు ఉండదు. ఇన్‌స్టంట్ పొడి రుచి పడదు. అందుకని ఫ్రెంచ్ ప్రెస్ తెప్పించాను. పాత్రలో కాఫీ పొడి వేసి వేడి నీళ్ళు పోసి, కాసేపాగి, చివర జాలీ ఉన్న కడ్డీతో పొడిని అడుక్కి నొక్కేసి డికాషన్ వంచుకునే పాత్ర ఇది. లీటరు గాజుది, చుట్టూ ప్లాస్టిక్ చట్రం. పెద్దదైతే చుట్టాలు వచ్చినా పనికొస్తుందని ఆ సైజు తీసుకున్నాను.

మొదటి రోజే చెయ్యి కాలింది. ఇంట్లో ఉన్న చికోరీ కలిపిన ఫిల్టర్ పొడే వేశాను. నాలుగు నిమిషాలయ్యాక కడ్డీ నొక్కితే సగంలో ఆగిపోయింది. బలంగా నొక్కాను. జాలీ అంచు పక్క నుంచి వేడి డికాషన్ ఎగజిమ్మి మణికట్టు మీద పడింది. మెత్తటి పొడి జాలీ కన్నాలను మూసేస్తుంది. నీళ్ళు పైకి రావడానికి దారి లేక, ఒత్తిడంతా పక్కలకు తన్నుతుంది. కడ్డీ బిగుసుకుంటే ఒక అంగుళం పైకి లాగి మళ్ళీ మెల్లగా దించాలి. అప్పటికీ దిగకపోతే నొక్కడం మానేసి వడకట్టుకోవాలి. పిల్లలున్న ఇల్లయితే ఈ ఒక్క మాట గట్టిగా గుర్తు పెట్టుకోండి.

ఏప్రిల్ 28

రెండు వారాలుగా పొడి మీదే పడ్డాను. అరకు గింజలు తెప్పించుకున్నాను. అరకు వ్యాలీ అరబికాకు 2019లో జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చింది. మన రాష్ట్రంలో పండే గింజ ఉండగా వేరేది వెతకాలని అనిపించలేదు. చికోరీ లేని పొడే కావాలి, ఎందుకంటే చికోరీ నీళ్ళలో ఎక్కువగా కరిగిపోయి ప్రెస్‌లో డికాషన్‌ను జిగటగా, మట్టిగా చేస్తోంది.

పొడి ఎంత ముతకగా ఉండాలి? ఇంగ్లీషు వీడియోల్లో సముద్రపు ఉప్పు అంత అంటారు. మన వంటింట్లో దానికి మంచి కొలత ఉంది. బొంబాయి రవ్వ కన్నా ముతక, ఇడ్లీ రవ్వకు దగ్గరగా. రెండు వేళ్ళ మధ్య నలిపితే పలుకులు విడివిడిగా తగలాలి.

మిక్సీలో వేస్తే సగం రవ్వ, సగం పిండి అవుతుంది. మిక్సీ బ్లేడు గింజను నరుకుతుందే తప్ప ఒకే సైజుకు రుబ్బదు. అయినా గ్రైండర్ కొనేదాకా ఆ మిక్సీతోనే నెట్టుకొచ్చాను. చిన్న జారులో 40 గ్రాములు వేసి, ఒక్క సెకను తిప్పి ఆపడం, జారు ఊపడం, మళ్ళీ తిప్పడం. అలా పది పన్నెండు సార్లు. తర్వాత పిండి జల్లెడలో జల్లిస్తే 40 గ్రాములకు 11 గ్రాములు మెత్తటి పొడి కిందికి వచ్చింది. దాన్ని పారేయక్కర్లేదు. అత్తయ్యగారి ఫిల్టరుకు సరిగ్గా సరిపోయింది. “ఇదేదో బాగుందమ్మా, నీ జల్లెడ కింద పడ్డదంతా నాకే పెట్టు” అన్నారు. అప్పటినుంచి మా ఇంట్లో ఒకే గింజతో రెండు కాఫీలు.

జల్లించిన రోజుకూ జల్లించని రోజుకూ తేడా గ్లాసు అడుగున కనబడింది. జల్లించకపోతే అర సెంటీమీటరు మడ్డి, జల్లిస్తే పల్చటి పొర. మే మొదట్లో చేత్తో తిప్పే బర్ గ్రైండర్ (గింజల్ని నరక్కుండా రెండు పళ్ళ చక్రాల మధ్య ఒకే సైజుకు నలిపేది) కొన్నాక జల్లెడ పని తగ్గింది. మొత్తం బడ్జెట్ రెండు వేలే అయితే, ఆరు వందల ప్రెస్ కొని మిగతాది గ్రైండర్‌కు పెట్టండి. ఖరీదైన ప్రెస్‌లో మిక్సీ పొడి వేసినా మడ్డే వస్తుంది.

మే 19

కాలువలకు నీళ్ళు ఆపేశారు. కుళాయి నీళ్ళ రుచి మారింది, కాఫీ రుచీ మారింది. మొదట గింజల్ని అనుమానించాను. తర్వాత టీడీఎస్ పెన్నుతో (నీళ్ళలో కరిగిన లవణాలను కొలిచేది) చూస్తే ఆర్‌ఓ టిన్ను నీళ్ళు 40, కుళాయివి 220, పెరట్లో బోరు 900 దాటింది. కోనసీమలో సముద్రం వైపు బోర్లకు ఉప్పు తగలడం కొత్తేమీ కాదు. ఆ నీళ్ళతో కాఫీ గురించి ఆలోచించక్కర్లేదు. ఉత్త ఆర్‌ఓ నీళ్ళతో చేస్తే పుల్లగా, చప్పగా, రుచి అంతా పైపైనే ఉన్నట్టు అనిపించింది. గింజలోని రుచి దిగడానికి నీళ్ళలో కాస్త ఖనిజాలు ఉండాలి. కాఫీకి సుమారు 150 దగ్గర మంచిదని చెబుతారు. సగం ఆర్‌ఓ, సగం కుళాయి కలిపాను, 130 వచ్చింది. ఇప్పుడు ఇదే వాడుతున్నాను.

జూన్ 2

లీటరు ప్రెస్ పగిలింది. సింకులో స్టీలు గిన్నె తగిలి అంచు లేచిపోయింది. గాజు విడిగా అమ్ముతారేమోనని అడిగితే ఆ మోడల్‌కు దొరకదన్నారు. కొనే ముందు చూసుకోవాల్సింది అదే: విడి గాజు, విడి జాలీ దొరుకుతాయా లేదా. ఈ వస్తువులో పగిలేది గాజు, అరిగేది జాలీ. రెండూ మార్చుకోగలిగితే చట్రం ఏళ్ళ తరబడి ఉంటుంది.

నిజానికి ఆ సైజు నాకు మొదటినుంచీ తప్పే. లీటరు పాత్రలో మూడు వందల మిల్లీలీటర్లు చేస్తే నీళ్ళు అడుగున పల్చగా పరుచుకుని త్వరగా చల్లారేవి. కడ్డీ పూర్తిగా కిందికి దించినా జాలీకీ పొడికీ మధ్య ఖాళీ ఉండిపోయేది. పెట్టె మీద “8 కప్పులు” అని ఉంటుంది. ఆ కప్పు దాదాపు 120 మిల్లీలీటర్లది, మన స్టీలు గ్లాసుతో సంబంధం లేదు. కప్పులు చూడకుండా మిల్లీలీటర్లు చూడండి.

కొత్తది వచ్చేలోపు దీని పుట్టుక గురించి చదివాను. పారిస్‌లో మేయర్, డెల్‌ఫోర్జ్ అనే ఇద్దరు 1852లో ఇలాంటి దానికి పేటెంట్ తీసుకున్నారు. మన ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది కూడా 1852లోనే. ఈ రెండు సంగతులకూ సంబంధం లేకపోయినా ఆ సంవత్సరం చూడగానే ఎంతో సంతోషమేసింది. తర్వాత 1929లో కలిమాని, మొనేటా అనే ఇటలీ వాళ్ళు పేటెంట్ తీసుకున్నారు. ఇప్పుడు మనం చూసే రూపం 1958లో బొండనీని పేటెంట్‌తో వచ్చింది. ఎదుర్లంక వంతెన దాటితే వచ్చే యానాం 1954 దాకా ఫ్రెంచి వాళ్ళ పాలనలో ఉంది కదా, అక్కడి పాత ఇళ్ళలో ఇలాంటిది ఎవరైనా వాడారేమోనని ఆలోచిస్తూ కూర్చున్నాను.

జూన్ 23

ఇప్పుడు రెండున్నాయి. ఒకటి 350 మి.లీ. గాజుది, స్టీలు చట్రం, విడి గాజు దొరుకుతుంది. రెండోది 600 మి.లీ. రెండు గోడల స్టీలుది, అక్క దగ్గర నెల రోజులకని తెచ్చుకున్నాను.

వంటింటి థర్మామీటరుతో వేడి చూశాను. రెండింటిలోనూ ముందు వేడి నీళ్ళు పోసి తిప్పి పారబోసి, తర్వాత మరిగి అర నిమిషం ఆగిన నీళ్ళు పోశాను. నాలుగు నిమిషాల తర్వాత గాజుదాంట్లో 86 డిగ్రీలు, స్టీలుదాంట్లో 91. ముందుగా వేడి చేయకపోతే స్టీలుది కూడా 87కు పడిపోయింది. స్టీలు కదా అని ఆ పని వదిలేయకూడదు.

అయినా నాలుగు నిమిషాల పనికి ఆ ఐదు డిగ్రీల తేడా నాలుకకు పెద్దగా తెలియలేదు. తేడా తెలిసేది కాఫీని పాత్రలోనే ఉంచేస్తే. స్టీలుదాంట్లో అరగంటైనా వేడిగా ఉంది, కానీ చేదెక్కింది. నొక్కినంత మాత్రాన పొడి నుంచి దిగడం ఆగిపోదు. చేసిన వెంటనే మొత్తం వంచేసుకోవాలి. అలాంటప్పుడు వేడి నిలిపే గుణం కోసం రెండు రెట్లు ఖర్చు పెట్టాలా అనేది ఎవరికి వారు ఆలోచించుకోవాలి. పగలదు అనే ఒక్క కారణానికి మాత్రం స్టీలుది విలువైనదే. గాజుదాంట్లో నాకు నచ్చింది లోపల జరిగేది కనబడటం. పైన తేలిన పొడి ఎప్పుడు మునిగిందో చూసి నొక్కొచ్చు.

జాలీ విషయంలో రెండూ ఒకటే రకం: కింద కన్నాల పళ్ళెం, మధ్యలో సన్న జాలీ, పైన స్ప్రింగు చుట్టిన పళ్ళెం. దుకాణంలో చూసి కొంటే కడ్డీ దించి అంచు చుట్టూ గమనించండి. స్ప్రింగు ఎక్కడైనా గోడను తాకకుండా వదులుగా ఉంటే అక్కడినుంచే మడ్డి వస్తుంది.

జూలై 14

పాల సంగతి. వీడియోల్లో చెప్పే గ్రాముకు 15 మి.లీ. నీళ్ళ కొలత పాలు లేని కాఫీకి. మా ఇంట్లో గేదె పాలు. ఆ డికాషన్‌లో చిక్కటి పాలు పోస్తే కాఫీ వాసన కూడా మిగల్లేదు. గ్రాముకు 12 చేశాను, చాల్లేదు. గ్రాముకు 9 దగ్గర కుదిరింది.

చిన్న ప్రెస్‌కు నా లెక్క: 32 గ్రాముల పొడి, 290 మి.లీ. నీళ్ళు. పొడి తన బరువుకు రెండింతల నీళ్ళు పట్టి ఉంచుతుంది కాబట్టి చేతికొచ్చేది 225 మి.లీ. దాకా. రెండు గ్లాసులకు పంచి, ఒక్కోదాంట్లో 70 మి.లీ. పాలు. పాలు పొంగు మీద ఉన్నప్పుడే పోయాలి, లేకపోతే కాఫీ గోరువెచ్చగా అయిపోతుంది.

పద్ధతి: నీళ్ళన్నీ పోసి చెంచాతో ఒకసారి కలపాలి. నాలుగు నిమిషాల తర్వాత పైన గట్టిపడిన పొరను కదిపి, నురగ తీసేయాలి. ఇంకో మూడు నిమిషాలు ఆగితే సన్న పొడి అడుగుకు చేరుతుంది. కడ్డీని అడుగుదాకా నొక్కకుండా డికాషన్ మట్టానికి కాస్త కిందికి దించి, మెల్లగా వంచాలి. చివరి రెండు చెంచాలు పాత్రలోనే వదిలేస్తాను.

కడగడమే ఎక్కువ పని. పొడిని సింకులో పోస్తే పైపు పట్టేస్తుంది. నేను గరిటెతో తీసి కరివేపాకు మొదట్లో పలుచగా చల్లుతున్నాను. వారానికోసారి జాలీ విప్పి, వేడి నీళ్ళలో వంట సోడా వేసి పావుగంట నానబెట్టాలి. కాఫీ నూనె జాలీలో ఉండిపోతే మూడో వారానికి మాడు వాసన వస్తుంది. మన వానాకాలపు తేమలో ఇంకా త్వరగా వచ్చింది.

ఆగస్టు 9

మామయ్యగారికి కొలెస్ట్రాల్ ఎక్కువ. ప్రెస్ కాఫీలో కెఫెస్టాల్ అనే పదార్థం మిగులుతుంది, అది చెడు కొలెస్ట్రాల్‌ను పెంచుతుంది. లోహపు జాలీ దాన్ని ఆపదు, కాగితం ఫిల్టర్ చాలావరకు ఆపుతుంది. అందుకని ఆయన గ్లాసుకు ప్రెస్ డికాషన్‌ను కాగితం గుండా వడకట్టి ఇస్తున్నాను. రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది. ఆయన రుచి పల్చబడిందన్నారు, కానీ అదే తాగుతున్నారు.

అక్కకు స్టీలుది తిరిగి ఇచ్చేశాను. రోజూ ఒకరో ఇద్దరో తాగే మా మధ్యాహ్నాలకు 350 గాజుది చాలు. నలుగురు ఒకేసారి తాగే ఇల్లయితే నేను 600 స్టీలుదే కొనేదాన్ని: 55 గ్రాములు, 500 నీళ్ళు, నాలుగు గ్లాసులు వస్తాయి. లీటరుది పాలతో తాగే మన ఇళ్ళల్లో చాలామందికి అక్కర్లేదు.

విడి జాలీ ఒకటి, విడి గాజు ఒకటి తెప్పించి అలమరలో పెట్టాను. రేపు చెల్లి వాళ్ళు రాజోలు నుంచి వస్తున్నారు, ఐదుగురు. రెండు విడతలకు 32 గ్రాముల చొప్పున గింజలు తూచి రెండు డబ్బాల్లో పెట్టాను. ఐదో గ్లాసు అత్తయ్యగారి ఫిల్టర్ నుంచి.