పాత బ్యాంజో: మూడో వారం

బోస్టన్ దగ్గర ఓ ఎస్టేట్ సేల్‌లో (పోయినవాళ్ల ఇంటి సామాను అమ్మే చోట) దొరికిన ఐదు తీగల వాద్యం, బ్యాంజో ఇది. వెనక మూత లేని ఓపెన్‌బ్యాక్ రకం కాబట్టి లోపలి పనితనమంతా కళ్లకు కనిపిస్తుంది. గుండ్రటి చట్రంలో అడ్డంగా వెళ్లే కర్ర మీద ఫెయిర్‌బ్యాంక్స్ బ్యాంజో అనీ, చేసింది వేగా కంపెనీ అనీ ముద్ర ఉంది. 1904లో ఫెయిర్‌బ్యాంక్స్ ఫ్యాక్టరీ కాలిపోయాక ఆ వ్యాపారాన్ని వేగా కొంది. కాబట్టి ఇది ఆ తర్వాతిదే. కర్ర మీదా చట్రం లోపలా ఒకే సీరియల్ నంబరు చూడగానే ప్రాణం లేచొచ్చింది. ఆ కర్ర మెడకు, అంటే తీగలు సాగే పొడవాటి భాగానికి, అతికినదే. అంటే మెడ అసలుదే. పాత బ్యాంజోలకు మెడలు మార్చేయడం మామూలే మరి.

మొదటి వారమంతా టెన్షనే. మెడ మీది 12వ మెట్టు (ఫ్రెట్) దగ్గర తీగలు 5 మిల్లీమీటర్ల ఎత్తులో ఉన్నాయి. మెడ వంగిందేమో అనుకున్నాను. తీగను మొదటి మెట్టు మీదా చివరి మెట్టు మీదా నొక్కిపట్టి చూస్తే, మధ్యలో విజిటింగ్ కార్డు కూడా పట్టలేదు. మెడ తిన్నగానే ఉంది! లోపమల్లా మెడ చట్రానికి ఆనే చోట. అక్కడ కాగితం సులువుగా దూరింది. లోపలి బిగింపు స్క్రూను కాస్త తిప్పాక సందు మూసుకుంది, ఎత్తు మూడున్నరకు దిగింది.

ఎక్కువ రోజులు తిన్నది చట్రం మీద బిగించిన తోలు. అసలైన దూడతోలు. వాన పడ్డ రోజు బొటనవేలితో నొక్కితే మెత్తగా లోపలికి దిగింది, మోత గుడ్డ కప్పినట్టు అయిపోయింది. మా ఊళ్లో డప్పు కొట్టేముందు మంట దగ్గర కాచేవాళ్లు. తేమకు ఈ తోలూ అలాగే సాగుతుంది గానీ, దీన్ని కాచే వీల్లేదు. చట్రం చుట్టూ తోలును లాగిపట్టే హుక్కుల్లో ఎదురెదురు వాటి నట్లను పావు చుట్టు చొప్పున బిగించి, ఓ రాత్రి వదిలేసి, మర్నాడు మళ్లీ బిగించాను. ఆత్రపడితే అంచు దగ్గర చిరుగుతుంది. చలికాలం హీటర్ వేశాక గాలి ఆరిపోయి తోలు దానంతటదే బిగుస్తుంది, అప్పుడు నట్లు వదులు చేయాలి.

మందపాటి ఉక్కు తీగలు ఈ మెడకు వద్దనిపించి నైలాన్‌వి వేశాను. 12వ మెట్టు మీద వేలు తేలిగ్గా ఆనించి మీటినా, గట్టిగా నొక్కి మీటినా ఒకే స్వరం పలికేదాకా గుర్రాన్ని (తోలు మీద తీగలను మోసే బ్రిడ్జిని) జరిపాను. ఇప్పుడు మూడో తీగ మీటితే గుండ్రంగా పలికి, వెంటనే ఆగుతుంది. ఆ ఆగడమే నాకెంతో ఇష్టం.

ఐదో తీగను బిగించే బిరడా ఇంకా జారుతోంది. ఓ హుక్కు కూడా తక్కువుంది, అదే సైజుది వెతుకుతున్నాను.