ఇషాపూర్ బోల్టు, మా నాన్న, మా అబ్బాయి

మన దగ్గర త్రీనాట్‌త్రీ రైఫిల్ అంటే పోలీసు భుజానికి ఉండేదే. పోలింగ్ బూత్ బయట, స్టేషన్ గుమ్మం దగ్గర దూరంనుంచి చూడడమే తప్ప మామూలు మనిషి చెయ్యి దాని మీద పడదు. చట్టం లెక్కలో అది ప్రొహిబిటెడ్ బోర్, అంటే మామూలు జనానికి నిషేధించిన తూటా సైజు. మా నాన్న పోలీసు బెటాలియన్‌లో ఆర్మరర్‌గా, అంటే తుపాకులు బాగుచేసే పనిలో, చేసి రిటైరయ్యారు. సర్వీసంతా ఆ రైఫిళ్లు విప్పి బిగించినవే. అలాంటాయన ఇంట్లో మాకు ఆడుకోవడానికి ఒక్క ఖాళీ తూటా గొట్టం కూడా ఉండేది కాదు.

అమెరికాలో మా ఇంటికి ఆ రైఫిలే వచ్చిందని ఫోన్లో చెప్తే ఆయన మొదట అడిగిన మాట, "ఎవరి పేరు మీద?"

నా పేరు మీదే. అబ్బాయికి ఇంకా పదహారు. డీలరు దగ్గర రైఫిల్ కొనాలంటే ఇక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం 18 నిండాలి. మేం హెచ్1బీ మీద ఉన్నప్పుడైతే ఈ ఊసే లేదు. ఆ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర ఉంచుకోవడం నేరం, వేట లైసెన్సు లాంటి మినహాయింపు ఏదైనా ఉంటే తప్ప. యాభై ఏళ్లు దాటిన తుపాకులని ఇక్కడ పాతకాలపు సేకరణ వస్తువుల కింద లెక్కేస్తారు. మావాడి సరదా అక్కడ మొదలైంది.

వాడు ఏరికోరి ఇదే ఎందుకు అడిగాడంటే, బోల్టు (తూటాని లోపలికి నెట్టి వెనకనుంచి మూసే ఇనుప కడ్డీ) పిడి కింద, రైఫిల్ కంఠం మీద ఉన్న ముద్ర చూసి. పైన కిరీటం, దాని కింద జి.ఆర్.ఐ. (లాటిన్‌లో జార్జి రాజు, చక్రవర్తి అని), ఇషాపూర్, 1942. కలకత్తా దగ్గరి ఫ్యాక్టరీలో, బ్రిటిష్ రాజు పేరు మీద తయారైన రైఫిల్. రెండో ప్రపంచయుద్ధంలో పాతిక లక్షల మంది మన సిపాయిలు పనిచేశారని వాడికి తెలిసింది ఈ ముద్ర చూశాకే. వాడి హైస్కూలు చరిత్ర పాఠంలో పెర్ల్ హార్బర్ ఉంది, నార్మండీ ఉంది, మనవాళ్ల ఊసు లేదు. నేనెన్నిసార్లు చెప్పినా ఎక్కనిది ఒక ఇనుప ముక్క చెప్తే ఎక్కింది. కొంచెం ఉక్రోషంగానే ఉంది, ఏం చేస్తాం.

ఇక బోల్టు. ఆదివారం పొద్దున వీడియో కాల్‌లో తాత అటు, మనవడు ఇటు. మధ్యలో ఫోను పట్టుకోవడం నా డ్యూటీ.

"ముందు జాంచ్" అంటారు నాన్న. మ్యాగజీన్ తీసెయ్యాలి, బోల్టు వెనక్కి లాగాలి, తూటా కూర్చునే ఛాంబర్‌లోకి కళ్లతో చూసి, ఆపైన చిటికెనవేలు పెట్టి తడమాలి. నిన్ననే చూశాం కదా అంటే ఒప్పుకోరు. తర్వాత బోల్టు పూర్తిగా వెనక్కి వచ్చినప్పుడు దాని తలని వేలితో పైకెత్తితే పట్టునుంచి టక్కున ఊడి, బోల్టు మొత్తం చేతిలోకి వస్తుంది. ఈ రైఫిల్లో బోల్టు తల విడి ముక్క. మరలు తిప్పి చేత్తోనే ఊడదీయొచ్చు. అక్కడిదాకా పిల్లలాటే.

అసలు పని స్ట్రైకర్‌తో, అంటే తూటా అడుగుని కొట్టే సూదితో. దాని వెనక కొసకి బిగించి ఉండే ముక్క, కాకింగ్ పీస్ పక్కన చిన్న స్క్రూ ఉంటుంది, నాణెం అంచు పట్టేంత వెడల్పు గాడితో. దాన్ని ముందు తీయాలి. తర్వాత పొడుగాటి గొట్టంలాంటి పనిముట్టుని బోల్టు ముందువైపునుంచి దూర్చి, స్ట్రైకర్ మెడ మీది రెండు గాట్లలో దాని పళ్లు కూర్చునేలా స్ప్రింగుకి ఎదురు నొక్కుతూ తిప్పాలి. మావాడు మొదట పళ్లు కూర్చోకుండానే బలంగా తిప్పబోయాడు. ఫోన్లోంచి కేక: "ఆగరా! చప్పుడు విను. కూర్చుంటే నీకే తెలుస్తుంది." వాడు కళ్లు చిట్లించి, మెల్లిగా అటూ ఇటూ కదిపాడు. కూర్చుంది. స్ట్రైకరూ, దాని ఒంటి మీద స్ప్రింగూ బయటికి వచ్చాయి, వెనక కాకింగ్ పీస్ విడిపోయింది. లోపల నల్లగా గడ్డకట్టిన పాత గ్రీజు, ఏ దేశపు స్టోర్‌రూమ్‌లో పూసిందో.

నాన్న చిందీ అన్నారు. తుడవడానికి నాలుగంగుళాలకి రెండంగుళాల ఫ్లానెల్ గుడ్డముక్క. రైఫిల్ బట్ కింద ఇత్తడి మూత తెరిస్తే నూనె సీసా, గొట్టం లోపల తుడిచే పుల్‌త్రూ తాడు పెట్టే అర ఉంటుందని చెప్పారు. తెరిచి చూస్తే మాది ఖాళీ. మావాడికి అది కొంచెం నిరాశ.

బిగించేటప్పుడు నాన్న గొంతు మారుతుంది. స్ట్రైకర్ వెనక కొస కాకింగ్ పీస్ ముఖంతో సమంగా ఉండాలి. ఎక్కువ తక్కువలుంటే ముందు మొన ప్రైమర్‌ని (తూటా అడుగున నిప్పు రాజేసే బిళ్లని) చిల్లు పొడుస్తుంది, లేదా అసలు పేల్చదు. స్ట్రైకర్ మీది అర్ధచంద్రపు గాడి స్క్రూ రంధ్రానికి ఎదురొస్తేనే స్క్రూ దిగుతుంది. బోల్టు తలని చివరిదాకా మరలు ఎక్కించి, దాని ముక్కుని బోల్టు గట్టుతో వరసకి తేవాలి. ఆఖర్న పిడి మీది నంబరూ, రైఫిల్ మీది నంబరూ పైకి చదవాలి. వేరే రైఫిల్ బోల్టు వేస్తే లోపల తూటా కూర్చునే లెక్క తప్పొచ్చు. మాది రెండూ ఒకటే నంబరు. అయినా గన్‌స్మిత్ దగ్గర ఆ లెక్క కొలిచే గేజ్ వేయించాకే మావాణ్ణి రేంజ్‌కి తీసుకెళ్లాను.

అలా బిగిస్తూ బిగిస్తూ ఒకసారి అడిగాడు. "తాతయ్యా, దీంతో ఎవర్నైనా కాల్చారా?"

నేను ఫోను కిందపడేసేదాన్నే. ఎల్‌కేజీ ఈడునుంచీ స్కూల్లో లాక్‌డౌన్ డ్రిల్లు, అంటే ఎవడైనా తుపాకీతో చొరబడితే ఏం చెయ్యాలన్న అభ్యాసం, చేసినవాడు వీడు. దీపాలార్పి, తలుపుకి కనపడని మూల చప్పుడు చెయ్యకుండా కూర్చోవడం వాడికి ఎక్కాలతో పాటే వచ్చింది. వాడి స్నేహితుల్లో నవంబరు రాగానే తండ్రితో జింకల వేటకెళ్లేవాడూ ఉన్నాడు. ఒకే తరగతిలో రెండూ. మా చిన్నతనంలో మాకు ఈ రెండూ లేవు, భయం మాత్రం ఉండేది.

"నేను కాల్చింది రేంజ్‌లోనే" అన్నారు నాన్న. "నేను బాగుచేసి పంపినవి బయట ఏం చేశాయో నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు." ఓ క్షణం ఆగి, "ఆ స్ప్రింగు ఇలా చూపించు, ఎక్కడైనా వంగిందేమో" అన్నారు. మావాడు చూపించాడు.

మా ఆయనకి ఇదంతా మొదటినుంచీ గిట్టదు. తుపాకీ ఇంటికి రావడానికి ఆయన పెట్టిన షరతు ఒక్కటే: రైఫిల్ ఒక సేఫ్‌లో, బోల్టు వేరే గదిలో తాళం కింద, ఆ తాళంచెవి ఆయన దగ్గర. బోల్టు లేకపోతే అది కర్రా ఇనుమూ అంతే కదా. పిల్లాణ్ణి నమ్మకపోవడం కాదు, ఆ వయసుని నమ్మకపోవడం అంటారు. నాకు మొదట అతిగా అనిపించింది. ఇప్పుడు అనిపించట్లేదు.

ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 గణతంత్ర దినోత్సవ పరేడ్‌తో త్రీనాట్‌త్రీకి వీడ్కోలు చెప్పినప్పుడు టీవీలో చూసి నాన్న రెండ్రోజులు ముభావంగా ఉన్నారట, అమ్మ చెప్పింది. అంత ఇష్టం ఆయనకది. అందుకే మొన్న దసరాకి రైఫిల్‌కి బొట్టు పెడదామా అని మావాడు అడిగితే పొంగిపోతారనుకున్నాను. "కర్రకి పెట్టు. బోల్టు దగ్గరికి కుంకుమ రానిచ్చావో, ఆ పొడి నూనెలో కలిసి గీతలు పడతాయి" అన్నారు. పూజ అంతవరకే.

ఇప్పుడు మావాడి పోరు వేరు. 18 నిండగానే రైఫిల్ వాడి పేరు మీదకి మార్చాలట, బోల్టు తాళంచెవి కూడా వాడికే ఇవ్వాలట. తాత తనవైపే అనుకుని కాల్ కలిపాడు. నాన్న మొత్తం విని, అల్లుడిగార్ని ఫోను దగ్గరికి పిలవమన్నారు. సరిగ్గా మాట్లాడుకోవడమే తక్కువైన మామా అల్లుళ్లు ఆ ఒక్క విషయంలో ఒక్కటైపోయారు: పేరు ఎవరిదైనా సరే, తాళంచెవి కదలదు. మావాడు నావైపు చూశాడు. నేను ఫోను పట్టుకునే దాన్ని మాత్రమే అని చెప్పాను.