ఏసీ వేస్తేనే గలగల: సర్వీస్ సెంటర్‌లో ఎవరికీ వినపడని శబ్దం

కారు సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, కింద నుంచి ఒకటే గలగల. రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టు. యాక్సిలరేటర్ కాస్త తొక్కితే మాయం, కాలు తీస్తే మళ్లీ మొదలు. నిన్నటితో ఆ పీడ వదిలింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

ముందు డిప్‌స్టిక్ తీసి చూశాను, ఆయిల్ సరిపడా ఉంది. వార్నింగ్ లైట్లేవీ లేవు. ఆయిల్ ప్రెషర్ లైటు గనక వెలిగి ఉంటే ఈ పరిశోధనలేవీ పెట్టుకోకుండా ఇంజన్ ఆపేసి, బండిని టో చేయించుకోవాల్సిందే.

ఆ తర్వాత సర్వీస్ సెంటర్‌కి వెళ్లాను. అసలు కథ ఇక్కడే. అడ్వైజర్ బానెట్ ఎత్తించి, ఇంజన్ స్టార్ట్ చేయించాడు. బండి బుద్ధిమంతుడిలా నిలబడింది, చప్పుడు లేదు. చుట్టూ నలుగురు చేరారు. "ఏదీ సార్ శబ్దం?" అన్నాడు. వస్తుంది, కాసేపు ఆగండి అన్నాను. రాలేదు. "పాత బండి కదా సార్, పాటలు కాస్త సౌండ్ పెంచుకుని వినండి" అన్నాడు. పక్కనున్న కుర్రాడు మొహం తిప్పుకుని నవ్వాడు. నేను చూడలేదనుకున్నాడు కాబోలు.

గేటు దగ్గరికొచ్చి, ఉక్కపోస్తోందని ఏసీ వేశాను. గలగల! వెంటనే బండి వెనక్కి తిప్పాను. ఈసారి అడ్వైజర్ పూర్తిగా ప్లేటు ఫిరాయించాడు. కిందకి వంగి చూసిన వాడు లేడు, టార్చ్ వేసిన వాడు లేడు, నిలబడిన చోటు నుంచే తీర్పు: "టైమింగ్ చైన్ సార్. ఇంజన్ విప్పాలి. ఆలస్యం చేస్తే మొత్తం పోతుంది." టైమింగ్ చైన్ అంటే ఇంజన్ లోపల వాల్వులు సరైన వేళకు తెరుచుకునేలా చూసే గొలుసు. చైన్, టెన్షనర్, గైడ్లు, గాస్కెట్లు, లేబర్ అంటూ ఎస్టిమేట్ కాగితం చేతిలో పెట్టాడు. "ఏసీ ఆపితే శబ్దం ఆగిపోతోంది కదా, చైన్‌కీ ఏసీకీ ఏం సంబంధం?" అని అడిగాను. "మీరు మెకానిక్కా సార్?" అన్నాడు, అందరికీ వినపడేలా.

కాదు. కానీ చెవులున్నాయి. చాలా ఇంజన్లలో చైన్‌ను బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ ఆయిల్ ప్రెషర్‌తో పనిచేస్తుంది. అందుకే చైన్ సాగితే ఎక్కువగా చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయగానే, ప్రెషర్ ఎక్కేదాకా కొన్ని క్షణాలు గరగరమంటుంది. ఏసీ స్విచ్ చూసి మొదలవదు. ఏసీ వేస్తే జరిగేదేమిటంటే, నిమిషానికి 700, 800 చుట్లు తిరుగుతున్న ఇంజన్ మీద కంప్రెసర్ బరువు పడి వణుకు పెరుగుతుంది. ఆ వణుక్కి వదులుగా ఉన్నదేదో మోగుతోందని నా అనుమానం.

ఇక ఇంట్లోనే మొదలుపెట్టాను. న్యూట్రల్‌లో ఉంచి క్లచ్ తొక్కి పట్టుకున్నా శబ్దం మారలేదు. మారి ఉంటే క్లచ్ బేరింగ్ వైపో గేర్‌బాక్స్ వైపో చూడాలి. పొడవాటి స్క్రూడ్రైవర్ పిడి చెవి పక్కన ఆనించి, మొన కరెంటు తయారుచేసే ఆల్టర్నేటర్ మీద, ఏసీ కంప్రెసర్ మీద పెట్టి విన్నాను. రెండూ నున్నగా తిరుగుతున్నాయి. ఈ పని చేసేటప్పుడు బెల్టుకు, ఫ్యాన్‌కు దూరంగా ఉండండి. ఏసీ వేసి ఉంటే ఫ్యాన్ చెప్పా పెట్టకుండా తిరుగుతుంది. చివరికి ఏసీ ఆపేసి, హెడ్‌లైట్లు, బ్లోయర్ ఫుల్‌గా పెట్టి, స్టీరింగ్ అటూ ఇటూ తిప్పాను. కంప్రెసర్ లేకుండానే ఇంజన్ మీద బరువు వేయడానికి. సన్నగా అదే గలగల! కంప్రెసర్ నిర్దోషి అని తేలిపోయింది. ఆ కుర్రాడు అప్పుడు అక్కడ ఉండాల్సింది.

మర్నాడు ఇంజన్ పూర్తిగా చల్లారాక, తెలిసిన మెకానిక్ దగ్గర పిట్ మీదకి ఎక్కించాం. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని బండి కిందకి మాత్రం దూరకండి. ఎగ్జాస్ట్ పైపును పిడికిలితో తట్టుకుంటూ వచ్చాడు. పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ దగ్గరికి రాగానే అదే శబ్దం. దాని మీద కప్పిన పల్చటి రేకు, హీట్ షీల్డ్, బోల్టు దగ్గర తుప్పు పట్టి ఊగుతోంది. బోల్టు ఉన్నచోటే ఉంది, రేకులో రంధ్రమే దాని తల కంటే పెద్దదైపోయింది. రేకును చేత్తో నొక్కిపట్టి మళ్లీ తట్టాడు, చప్పుడు లేదు. కన్వర్టర్ లోపలి పింగాణీ జాలీ విరిగి ఉంటే రేకు పట్టుకున్నా మోగేదే.

"పీకి పారేద్దాం" అన్నాడాయన. మంచి పనివాడే కానీ ఆ మాటకు ఒప్పుకోలేదు. కన్వర్టర్ వందల డిగ్రీలు వేడెక్కుతుంది. ఆ వేడి కారు అడుగుకూ పైపులకూ తగలకుండా, బండి ఎండుగడ్డి మీద ఆగితే నిప్పంటుకోకుండా కాచేది ఆ రేకే. పెద్ద వాషర్ వేసి చూశాం, తుప్పు అంచు పట్టివ్వలేదు. దాంతో రెండు స్టీల్ హోస్ క్లాంపులు ఒకదానికొకటి కలిపి, రేకు చుట్టూ తిప్పి బిగించాం. రబ్బరు, ప్లాస్టిక్ టై లాంటివి అక్కడ కాలిపోతాయి, కరిగిపోతాయి. బిగించడానికి పట్టిన టైం కంటే చేతుల మసి కడుక్కోవడానికే ఎక్కువ పట్టింది.

ఇవాళ సర్వీస్ సెంటర్ నుంచి ఫోన్, రేటింగ్ పదికి పది ఇవ్వమని. శబ్దం ఎందుకొచ్చిందో చెబుతాను, రాసుకోండి అన్నాను. పెట్టేశారు.

వేడెక్కి చల్లారుతూ ఉంటే క్లాంపు కాస్త వదులవుతుందట. వచ్చే వారం ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఇంకో చుట్టు బిగించాలి.