పరగడుపు షుగర్ ఒక్కటే చూస్తే కంచంలో తప్పు కనపడదు

చాలా ఇళ్లలో గ్లూకోమీటరు బయటికి తీసేది పొద్దున పరగడుపునే. 118 అనో 125 అనో వస్తే కంట్రోల్‌లో ఉందనుకుని డబ్బా మూసేస్తారు. మూడు నెలలకు చేయించిన హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) మాత్రం 8 దాటి ఉంటుంది. రెండు పరీక్షలూ నిజమే. రాత్రంతా కాలేయం ఎంత గ్లూకోజు వదిలిందన్నది పరగడుపు అంకెలో తెలుస్తుంది. మధ్యాహ్నం తిన్న అన్నం ఏం చేసిందో అందులో కనపడదు. అన్నమే ప్రధానమైన మన తిండితో షుగర్ ఎగబాకేది ఎక్కువగా భోజనం తర్వాతే.

అందుకే పరీక్షలు జంటగా చేయండి. తినబోయే ముందు ఒకటి, మొదటి ముద్ద తిన్న దగ్గర్నుంచి రెండు గంటలకు ఇంకొకటి. భోజనం ముగిశాక లెక్కపెడితే పైకి వెళ్లిన షుగర్ అప్పటికే దిగడం మొదలుపెట్టి ఉండొచ్చు. సాధారణంగా పెద్దవాళ్లకు తినే ముందు 80–130, రెండు గంటలకు 180 లోపు ఉండాలి. వయసు బాగా పైబడినవాళ్లకూ గర్భిణులకూ లక్ష్యాలు వేరు, అవి డాక్టరే చెప్పాలి. ముందుకీ తర్వాతకీ తేడా 50 దాటితే ఆ పూట కంచంలో ఏదో మార్చాల్సి ఉందని నా లెక్క. స్ట్రిప్పుల ఖర్చు భరించలేకపోతే వారానికి మూడు జంటలు చాలు: ఒక రోజు టిఫిను, ఒక రోజు మధ్యాహ్న భోజనం, ఒక రోజు రాత్రి. ఇన్సులిన్ తీసుకునేవాళ్లకు మాత్రం ఇది సరిపోదు.

ప్రతిసారీ ఒక్కటే మార్చండి. వండిన అన్నాన్ని వంటింటి త్రాసు మీద తూచి 150 గ్రాములు పెట్టుకోండి. అందులో పిండిపదార్థం 40 గ్రాములకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. రెండు గంటల అంకె రాయండి. మరో రోజు అంతే అన్నం, కానీ ముందు కూర, పప్పు సగం తినేసి తర్వాత అన్నం కలపండి. ఇంకో రోజు తిన్నాక పదిహేను నిమిషాలు నడవండి. ఏది మీ ఒంటికి ఎంత పనిచేస్తుందో మీ నోటుపుస్తకమే చెబుతుంది. నాలుగు ఇడ్లీలు చట్నీతో తినే పొద్దున, రెండు పెసరట్లు తినే పొద్దున పక్కపక్కన పెట్టి చూడండి.

చిరుధాన్యాలు ఎంతైనా తినొచ్చన్న నమ్మకం చాలామందికి నష్టం చేస్తోంది. బియ్యంలో 100 గ్రాములకు 78 గ్రాముల పిండిపదార్థం ఉంటే కొర్రల్లో, రాగుల్లో సుమారు 60–70 ఉంటుంది. పీచు ఎక్కువే, కానీ కొర్రన్నం రెట్టింపు తింటే ఆ లాభం పోయినట్టే. మెత్తటి పిండితో కాచిన రాగిజావ సంగటి కంటే తొందరగా అరుగుతుంది, షుగర్‌నూ అంతే తొందరగా పెంచొచ్చు.

వేలు గుచ్చే ముందు చేతులు సబ్బుతో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. మామిడిపండు ఒలిచిన వేలితో చూస్తే అంకె ఎక్కడికో పోతుంది. స్పిరిట్ దూదితో ఒకసారి తుడిచినా ఆ తీపి పూర్తిగా పోదు. వేలి కొసన కాకుండా పక్కన గుచ్చండి. రక్తం రాకపోతే గట్టిగా పిండకుండా చేయి కిందికి వేలాడదీయండి. మంచి మీటరుకైనా 15 శాతం దాకా తేడాకు అనుమతి ఉంది కాబట్టి 142 చూసి సంతోషించి 150 చూసి దిగులుపడనక్కర్లేదు.

ఇక బీపీ కొలిచేటప్పుడు ఎక్కువ తప్పులు కూర్చునే తీరులోనే జరుగుతాయి. కాఫీ తాగి, మెట్లెక్కి, వెంటనే పట్టీ కట్టుకుంటే వచ్చేది మీ అసలు బీపీ కాదు. మూత్రానికి వెళ్లొచ్చి, కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి అయిదు నిమిషాలు ఊరికే కూర్చోండి. పట్టీ చొక్కా మీద కాకుండా ఒంటి మీద కట్టి, చేయి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టాలి. చేయి వేలాడినా, కాలు మీద కాలేసుకున్నా, మాట్లాడినా అంకె పెరుగుతుంది. లావు చేతికి చిన్న పట్టీ కట్టినా అంతే. డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు ఏడు రోజులు, పొద్దున మాత్ర వేసుకోకముందు, మళ్లీ సాయంత్రం, నిమిషం ఎడంతో రెండేసి సార్లు చూసి రాయండి. మొదటి రోజువి వదిలేసి మిగతావాటి సగటు కట్టండి. ఇంట్లో ఆ సగటు 135/85 దాటితే ఎక్కువే. 180/120 దాటి ఛాతీనొప్పి, ఆయాసం, మాట తడబడటం ఉంటే మళ్లీ కొలుస్తూ కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

ఉప్పు ఎంత తింటున్నారో ప్యాకెట్టు మీద తెలుస్తుంది. తెరిచిన తేదీ పెన్నుతో దాని మీదే రాయండి. మనిషికి రోజుకు 5 గ్రాముల లోపు అన్న లెక్కన నలుగురికి నెలకు 600 గ్రాములు. కిలో ప్యాకెట్టు నెలలో అయిపోతే మనిషికి 8 గ్రాములు దాటినట్టు. ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయల్లోని ఉప్పు దీనికి అదనం. కూరలో చిటికెడు తగ్గించి పెరుగన్నంలో ఊరగాయ నంజుకుంటే తగ్గించిందంతా తిరిగొస్తుంది. సైంధవ లవణమూ సోడియమే. సోడియం తక్కువని అమ్మే ఉప్పులో పొటాషియం ఉంటుంది, కిడ్నీ జబ్బున్నవాళ్లు, టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటి బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు డాక్టరును అడగకుండా దాన్ని వాడకూడదు.

గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మాత్ర గానీ ఇన్సులిన్ గానీ వాడుతూ ఒక్కసారిగా అన్నం సగానికి తగ్గిస్తే షుగర్ పడిపోవచ్చు. మోతాదు సంగతి ముందే డాక్టరుతో మాట్లాడుకోండి. 70 కంటే తగ్గితే మూడు చెంచాల గ్లూకోజు నీళ్లలో కలిపి తాగి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూడాలి. ఇంకా 70 లోపే ఉంటే మళ్లీ అంతే తాగాలి. బీపీకి అటెనొలాల్, మెటొప్రొలాల్ వాడేవాళ్లకు షుగర్ పడినా గుండెదడ, వణుకు సరిగా తెలియకపోవచ్చు. చెమట మాత్రం పడుతుంది. కారణం లేకుండా చెమట పడితే, ముందు మీటరు తీయమని ఇంట్లోవాళ్లకు కూడా చెప్పి ఉంచండి.