మూడు విమానాలు, ఒక్క రేడియో: నా అనుభవం

మా ఇంట్లో బీరువా మీద మూడు మోడల్ విమానాలు ఉంటాయి. మొన్న మొన్నటి దాకా వాటిలో ఎగిరేది ఒక్కటే. మిగతా రెండింటికీ ఏ జబ్బూ లేదు. రెక్క విరగలేదు, మోటారు కాలలేదు. వాటికి సరిపోయే రేడియో, అంటే చేత్తో పట్టుకుని నడిపే రిమోట్, నా దగ్గర లేదు, అంతే.

ఎగిరేది నేనూ మా అబ్బాయీ ఫోమ్ షీటు కోసి, హాట్ గ్లూతో అతికించి చేసుకున్న ట్రెయినర్, అంటే ఎగరెయ్యడం నేర్చుకునే విమానం. దానికి ఫ్లైస్కై ఐ6 రేడియో, విమానంలో ఉండి ఆ సిగ్నల్ అందుకునే ఐఏ6బి రిసీవర్. మన దగ్గర ఈ హాబీలోకి వచ్చే చాలామంది లాగే నేనూ ఆ జతతోనే మొదలుపెట్టాను. రెండోది వంద గ్రాములు కూడా తూగని చిన్న విమానం. విదేశానికి వెళ్ళిపోతున్న ఒకాయన తక్కువకి ఇచ్చేశాడు, రేడియో మాత్రం తనతో పట్టుకెళ్ళాడు. దాని లోపలి బోర్డు స్పెక్ట్రమ్ వాళ్ళ డీఎస్ఎమ్ఎక్స్ సిగ్నల్ తప్ప ఇంకోటి అందుకోదు. మూడోది హైదరాబాద్‌లో ఉండే మా బావ ఇచ్చిన రెండు మీటర్ల గ్లైడర్. అందులో ఫ్రీస్కై డీ4ఆర్-2 రిసీవర్ ఉంది. పేర్లు దగ్గరగా ఉన్నాయని ఫ్లైస్కై, ఫ్రీస్కై ఒకటే అనుకునేవాళ్ళున్నారు. కావు, రెండూ వేరు వేరు కంపెనీలు. ఒకదాని రిసీవర్‌కి ఇంకోదాని రేడియో పనికిరాదు.

అందరూ వాడేది 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండే. అయినా ఏ చానల్ నుంచి ఏ చానల్‌కి ఎంత వేగంగా దూకాలి, స్టిక్కుల సమాచారాన్ని ఏ వరసలో సర్ది పంపాలి అన్నది ఒక్కో కంపెనీ ఒక్కో రకంగా పెట్టుకుంది. దాన్నే ప్రోటోకాల్ అంటారు. మూడు ప్రోటోకాళ్ళకి మూడు రేడియోలు కొనే స్తోమత నాకు లేదు. పదిహేను వేలు దాటకూడదని ఇంట్లో మాట ఇచ్చాను.

ఆ లెక్కతో వెతుకుతుంటే 'మల్టీ ప్రోటోకాల్' అని రాసి ఉన్న చిన్న రేడియో ఒకటి కనబడింది. చేతిలో ఇమిడిపోతుంది, అయస్కాంతంతో పనిచేసే హాల్ సెన్సార్ స్టిక్కులు, ధర నా బడ్జెట్‌లో సగం. ఇంకేం చూడలేదు, ఆర్డర్ పెట్టేశాను. వచ్చాక గ్లైడర్ రిసీవర్‌తో వెంటనే కలిసింది. ఆ సంతోషంలో ట్రెయినర్ తీశాను. మెనూలో ఫ్లైస్కై అన్న పేరే లేదు. డీఎస్ఎమ్ కూడా లేదు. రాత్రి పదకొండు దాకా అదే మెనూ పైకీ కిందికీ తిప్పుతూ కూర్చున్నాను.

పొద్దున్నే బావకి ఫోన్ చేశాను. "బావా, మల్టీ ప్రోటోకాల్ అని రాసి ఉందే, మరి ఇవెందుకు లేవు?"

"లోపల చిప్పు ఏముందో చూశావా?" అన్నాడు.

"చిప్పా?"

"సీసీ2500 అని రాసి ఉంటుంది చూడు. దాంతో ఒక కుటుంబం వరకే పలుకుతుంది. నీకు నాలుగు చిప్పులూ ఉన్నది కావాలి. అయినా రేడియో కొనే ముందు నీ విమానాల పొట్టలు విప్పి, ఏమేం రిసీవర్లున్నాయో కాగితం మీద రాసుకోవాలి కదరా."

డబ్బా మీద చూస్తే చిన్న అక్షరాల్లో అదే ఉంది. నన్ను చాలా బాధపెట్టిన విషయం ఇది, అందుకే ఇక్కడ కాస్త ఆగి చెబుతాను. ఈ రేడియోల్లో 'మల్టీ ప్రోటోకాల్' అనే మాట రెండు వేరు వేరు వస్తువులకి వాడుతున్నారు. హాబీయిస్టులు కలిసి రాసిన ఓపెన్ సోర్స్ మల్టీప్రోటోకాల్ మాడ్యూల్‌లో నాలుగు రేడియో చిప్పులు ఉంటాయి. సీసీ2500 ఫ్రీస్కై పాత రకాలకీ, ఫుటాబా ఎస్-ఎఫ్‌హెచ్ఎస్ఎస్‌కీ పనికొస్తుంది. ఏ7105 ఫ్లైస్కైకి. సీవైఆర్ఎఫ్6936 స్పెక్ట్రమ్ డీఎస్ఎమ్2, డీఎస్ఎమ్ఎక్స్‌లకి. ఎన్ఆర్ఎఫ్24ఎల్01 బజారులో దొరికే బొమ్మ డ్రోన్లు చాలావాటికి. ఈ నాలుగూ ఉంటేనే '4-ఇన్-1' అని రాస్తారు. ఒక్క సీసీ2500 ఉన్నా అది రెండు మూడు ప్రోటోకాళ్ళు పలుకుతుంది కాబట్టి దాన్నీ మల్టీ అనే అమ్ముతారు. ఆ మాటలో అబద్ధం లేదు. కానీ నాలాంటి వాడికి దాంతో పని జరగదు. లేని చిప్పుని ఏ సాఫ్ట్‌వేర్ అప్‌డేటూ తెచ్చిపెట్టలేదు.

కొట్టువాళ్ళు కొరియర్ ఖర్చు మినహాయించుకుని రేడియో వెనక్కి తీసుకున్నారు. అందుకు వాళ్ళకి నిజంగా కృతజ్ఞుణ్ణి.

ఈసారి బావ చెప్పినట్టే చేశాను. మూడు విమానాలూ మంచం మీద పెట్టి, ఒక్కో రిసీవర్ మీద రాసినది మా అమ్మాయి చదువుతుంటే నేను రాశాను. ఐఏ6బి అంటే ఏఎఫ్‌హెచ్‌డీఎస్ 2ఏ ప్రోటోకాల్. డీ4ఆర్-2 అంటే డీ8. చిన్న విమానం అంటే డీఎస్ఎమ్ఎక్స్. ఈ మూడూ 4-ఇన్-1కి వస్తాయి. రానివీ ఉన్నాయి, అవి మీ దగ్గరుంటే ముందే తెలుసుకోండి. ఫ్లైస్కై కొత్త ఏఎఫ్‌హెచ్‌డీఎస్ 3, ఫ్రీస్కై యాక్సెస్, ఫుటాబా ఫాస్ట్ ఈ మాడ్యూల్‌తో కలవవు.

ఇక్కడే మా అబ్బాయి ఒక మాటన్నాడు. "నాన్నా, ఇప్పుడందరూ ఎక్స్‌ప్రెస్ ఎల్ఆర్ఎస్ అంటున్నారు కదా. ఆ రేడియో తీసుకుని రిసీవర్లు మూడూ మార్చేస్తే?" వాడి మాటలో న్యాయం ఉంది. ఎక్స్‌ప్రెస్ ఎల్ఆర్ఎస్ ఇంకో ప్రోటోకాల్, అదీ ఓపెన్ సోర్సే, దూరం బాగా పోతుంది, రిసీవర్లు చవక. కొత్తగా, చేతిలో ఏ విమానమూ లేకుండా మొదలుపెట్టేవాళ్ళకి నేనూ అదే చెబుతాను. కానీ మా చిన్న విమానంలో రిసీవర్, మోటారు కంట్రోలర్, పలకల్ని కదిపే రెండు సర్వోలు అన్నీ ఒకే బోర్డు మీద ఉన్నాయి. రిసీవర్ మార్చడమంటే లోపలున్నదంతా పీకి కొత్తది పెట్టడమే. అంత చిన్న పొట్టలో ఆ పని నా చేతుల వల్ల కాదు. ఎగిరే వస్తువుని ఎగిరేలా ఉంచడమే నాకు ముఖ్యం అనిపించింది.

అలా మిగిలినవి రెండు. రేడియోమాస్టర్ టీఎక్స్16ఎస్, రేడియోమాస్టర్ బాక్సర్, రెండూ 4-ఇన్-1 రకంలోనే. టీఎక్స్16ఎస్‌ది పెద్ద రంగుల టచ్ స్క్రీను, చూడ్డానికి చాలా బాగుంటుంది. కానీ బడ్జెట్ దాటిపోయింది. బాక్సర్‌ది నలుపు తెలుపు తెర. మిట్ట మధ్యాహ్నం ఎండలో నలుపు తెలుపు తెరే తేలిగ్గా కనిపిస్తుందని బావ అన్నాడు, ఇప్పుడు నేనూ అంటాను. వెనకాల జేఆర్ సైజు మాడ్యూల్ గూడు ఉంది. రేపు మా అబ్బాయి మాట వినాల్సి వస్తే అందులో ఎక్స్‌ప్రెస్ ఎల్ఆర్ఎస్ మాడ్యూల్ పెట్టుకోవచ్చు. ఐ6లో నాలుగు పెన్సిల్ సెల్స్ మార్చుకుంటూ ఉండేవాణ్ణి. ఇందులో రెండు 18650 రకం లిథియం సెల్స్ వేసి, ఫోన్ చార్జర్ లాంటి యూఎస్‌బీ-సీ వైరు గుచ్చితే చాలు. సెల్స్ మాత్రం మనమే విడిగా కొనుక్కోవాలి.

విదేశీ సైట్లలో కాస్త చవకగా కనిపిస్తుంది. వైర్‌లెస్ పరికరం దిగుమతి చేసుకోవాలంటే కేంద్ర ప్రభుత్వపు వైర్‌లెస్ విభాగం డబ్ల్యూపీసీ నుంచి ఈటీఏ అనే అనుమతి కావాలి. అది లేక కస్టమ్స్‌లో ఆగిపోతే దాని వెంట తిరిగే ఓపిక నాకు లేదు. బిల్లు ఇచ్చే మన దేశపు కొట్టులోనే బాక్సర్ తీసుకున్నాను. సెల్స్‌తో కలిపి అనుకున్న పదిహేను వేలలోపే అయింది.

పెట్టె వచ్చిన రోజు ట్రెయినర్ అయిదు నిమిషాల్లో కలిసింది. దాని గురించి చెప్పడానికి ఏమీ లేదు. చిన్న విమానం దగ్గర నా తెలివి చూపించబోయాను. ఒక్కో కంట్రోల్‌కి ఒక్కో చానల్ ఉంటుంది. స్పెక్ట్రమ్ వాళ్ళ వరసలో థ్రాటిల్, అంటే మోటారు వేగం, ముందుంటుందని విని, రేడియోలో చానల్ వరస మార్చి థ్రాటిల్‌ని ఒకటో చానల్‌కి పెట్టాను. ప్రొపెల్లర్ తీసి పక్కన పెట్టి ఉంచడం ఒక్కటే నేను చేసిన మంచి పని. బైండ్ అయింది, అంటే రేడియో, రిసీవర్ జత కలిశాయి. ముక్కుని పైకీ కిందికీ తిప్పే ఎలివేటర్ స్టిక్ కిందికి లాగి వదిలాను. స్టిక్ మధ్యకి రాగానే మోటారు జివ్వుమని తిరిగింది. నా పక్కనే మా అమ్మాయి తోక పట్టుకుని ఉంది. ఆ చప్పుడు ఇప్పటికీ గుర్తుంది.

సంగతేమిటంటే, ఈ మాడ్యూల్ ఏ ప్రోటోకాల్‌కైనా మన దగ్గర్నుంచి ఏలరాన్ (రెక్కల్ని వాల్చేది), ఎలివేటర్, థ్రాటిల్, రడ్డర్ (పక్కకి తిప్పేది) అన్న ఒకే వరస ఆశిస్తుంది. ఆ కంపెనీకి ఏ వరస కావాలో అది లోపల తనే మార్చుకుంటుంది. నేను ముందే మార్చేసరికి మూడో చానల్లోకి ఎలివేటర్ వచ్చి కూర్చుంది, దాన్నే అది థ్రాటిల్ అనుకుంది. స్టిక్ కిందికి లాగినప్పుడు థ్రాటిల్ సున్నా అయి కంట్రోలర్ సిద్ధమైంది. మధ్యకి వదిలితే సగం థ్రాటిల్. వరస మళ్ళీ మామూలుగా పెట్టి, బైండ్ కూడా మళ్ళీ చేశాను, ఈసారి థ్రాటిల్ పూర్తిగా కింద ఉంచి. ఈ రకం రిసీవర్లు సిగ్నల్ పోతే ఎలా ఉండాలో బైండ్ చేసేటప్పుడే గుర్తుపెట్టుకుంటాయి. కొత్త రేడియోతో ఏ పరీక్షయినా ప్రొపెల్లర్ తీశాకే, అని ఇప్పుడు మా ఇంట్లో అమ్మాయితో సహా అందరికీ తెలుసు.

ఎక్కువ రోజులు పట్టింది గ్లైడర్. టేబుల్ మీద అన్నీ సరిగ్గా పనిచేశాయి. పరీక్ష కోసం డాబా మీదికి తీసుకెళ్ళి, మెనూలో బైండ్ పక్కనుండే రేంజ్ మీద నొక్కాను. అప్పుడు రేడియో కావాలనే పవర్ బాగా తగ్గించి పంపుతుంది. ఆ తక్కువ పవర్‌తో ముప్పై అంగలు నడిచినా రిసీవర్‌కి అందుతుంటేనే ఆకాశంలో నమ్మొచ్చు. పన్నెండు అంగలకే రడ్డర్ ఆగిపోయింది. దగ్గరికొస్తే కదిలింది, వెనక్కి నడిస్తే మళ్ళీ ఆగింది. రిసీవర్ పోయిందేమో, వేరేది కొనాలేమో అని దిగులు పడ్డాను.

బావ అడిగిన మొదటి ప్రశ్న, "ఫ్రీక్వెన్సీ ఫైన్ ట్యూన్ చేశావా?"

సీసీ2500 చిప్పుతో మాట్లాడే రిసీవర్లకి ఇది తప్పనిసరి అట. రేడియోలో ఫ్రీక్వెన్సీని నిర్ణయించే స్ఫటికం, రిసీవర్‌లో ఉన్న స్ఫటికం అచ్చంగా ఒకే లెక్కన కొట్టుకోవు. ఆ కొద్ది తేడా దగ్గర్లో కనబడదు, దూరం వెళితే బయటపడుతుంది. మోడల్ మెనూలో ఆర్ఎఫ్ ఫ్రీక్వెన్సీ ఫైన్ ట్యూన్ అని ఒక అంకె ఉంటుంది, మొదట అది సున్నా మీద ఉంటుంది. డాబా మీద చాప వేసుకుని, గ్లైడర్ ముందు పెట్టుకుని ఆ అంకె ఒక్కొక్కటీ తగ్గిస్తూ రడ్డర్ ఆడిస్తూ పోయాను. మైనస్ 58 దగ్గర రడ్డర్ ఆగిపోయింది. రాసుకున్నాను. సున్నా మీదుగా పైకి వెళ్ళాను. ప్లస్ 22 దగ్గర ఆగింది. ఆ రెండింటి మధ్య అంకె మైనస్ 18. నేను అప్పటిదాకా కూర్చున్న సున్నా, ఒక అంచుకి ఎంత దగ్గరో అప్పుడు అర్థమైంది. మైనస్ 18 పెట్టి మళ్ళీ రేంజ్ నొక్కి నడిచాను. డాబా చివరికి వచ్చాను, మెట్లు దిగాను, గేటు దాటి రోడ్డు మీదికి వెళ్ళాను. పైనుంచి మా అబ్బాయి అరుస్తున్నాడు, "ఆడుతోంది నాన్నా, ఇంకా ఆడుతోంది!"

తర్వాత రిసీవర్ మీదున్న చిన్న బటన్ నొక్కి ఫెయిల్‌సేఫ్ పెట్టాను. సిగ్నల్ పోతే మోటారు ఆగి, రడ్డర్ కొద్దిగా ఒక పక్కకి తిరిగి, గ్లైడర్ అక్కడే గుండ్రంగా తిరుగుతూ దిగేలా. రేడియో ఆపేసి నిజంగా అలా చేస్తోందో లేదో చూశాను. రేడియో మారిస్తే ఈ పని ఎవరూ వదిలిపెట్టకూడదు.

మాది రేపల్లె వైపు పల్లె. వరి కోసేసరికే మడుల్లో మినుము మొలిచి ఉంటుంది, అందుకని కోతలయ్యాక కూడా పొలాల్లో దించడానికి వీల్లేదు. ఎండిన చెరువులోనే ఎగరేస్తాం, అదీ సముద్రపు గాలి లేవకముందు, పొద్దున ఎనిమిదిలోపు. ముందురోజే ప్రభుత్వపు డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ చోటు గ్రీన్ జోన్‌లో, అంటే ముందస్తు అనుమతి అక్కర్లేని చోట, ఉందో లేదో చూసుకుంటాను.

మొదటిసారి మూడూ తీసుకెళ్ళిన ఆదివారానికి ముందు రాత్రి ఇంకో పని జరిగింది. ఈ రేడియోలో ఉన్న ఎడ్జ్‌టీఎక్స్ అనే సాఫ్ట్‌వేర్, మెమరీ కార్డులో మనం పెట్టిన గొంతుని పలుకుతుంది. టైమర్ అయిదు నిమిషాలు దాటగానే అందులో ఇంగ్లీషు ఆడగొంతు ఏదో చెబుతుంది. మా అమ్మాయికి అది నచ్చలేదు. ఫోన్లో తన గొంతు రికార్డు చేసి, వాళ్ళ అన్నయ్య చేత మోనో వేవ్ ఫైలుగా మార్పించి, కార్డులో సౌండ్స్ ఫోల్డర్లో వేయించింది. నాకు చెప్పలేదు.

ఆదివారం పొద్దున గ్లైడర్ చెరువు గట్టు మీది తాటిచెట్ల కన్నా పైన నింపాదిగా తిరుగుతోంది. నా చూపంతా దాని మీదే. చేతిలోంచి ఉన్నట్టుండి మా అమ్మాయి గొంతు వినిపించింది. "నాన్నా, అయిదు నిమిషాలైంది. దించెయ్."

నేను తిరిగి చూస్తే, అది గట్టు మీద కూర్చుని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. థ్రాటిల్ మూసి, గాలికి ఎదురు తిప్పి దించాను.